ఊక బూడిద, పాత స్లాబ్ కంకరతో వాకిలి పేవర్లు: పని డైరీ

మాది మిర్యాలగూడ పక్కన. చుట్టూ రైసు మిల్లులే కాబట్టి బాయిలర్ బూడిదకు కొదవ లేదు, ఎత్తుకుపోతామంటే సంతోషంగా ఇస్తారు. పక్కింటివాళ్లు పాత స్లాబ్ కూల్చి ఆ ముక్కలు మా ప్రహరీ వారన పోశారు. నాకేమో వాకిలికి 60 మి.మీ. మందం పేవర్లు (నేల మీద పరిచే కాంక్రీట్ బిళ్లలు) 45 చదరపు మీటర్లు కావాలి. బూడిదను సిమెంట్‌లో కొంత భాగానికి బదులుగా, స్లాబ్ ముక్కలను కంకరలో కొంత భాగానికి బదులుగా వాడి, బలం తగ్గకుండా పేవర్లు పోయడం ఈ పని. ఇది చూసి ఎవరైనా చేయాలనుకుంటే నా కొలతలు తీసుకోండి, తప్పులు మాత్రం నాకే వదిలేయండి.

దశ 1: కొలత సామాను (1 నుంచి 8వ రోజు)

పాత సామాను కొట్లో 150 మి.మీ. క్యూబ్ అచ్చులు తొమ్మిది దొరికాయి, రూ. 8,100. 45 మైక్రాన్ల జల్లెడ రూ. 1,900, 50 కేజీల కాటా రూ. 2,400, స్లంప్ కోన్ (తడి మాలు ఎన్ని మి.మీ. కుంగుతుందో, అంటే ఎంత జారుగా ఉందో కొలిచేది) రూ. 1,300.

ఒక బ్యాచ్‌కు నా మూల మిక్స్ ఇది. దీనితో తొమ్మిది క్యూబ్‌లు వచ్చి కాస్త మిగులుతుంది.

1. సిమెంట్ 15 కేజీలు
2. రోబో శాండ్ 27 కేజీలు
3. బేబీ చిప్స్ (10 మి.మీ. లోపు) 36 కేజీలు
4. నీళ్లు 6.3 లీటర్లు, అంటే నీళ్లు-సిమెంట్ నిష్పత్తి 0.42

ఘనపు మీటరుకు సుమారు 427 కేజీల సిమెంట్ పడుతుంది. ల్యాబ్‌లో నొక్కి పగలగొట్టి బలం చూసే ఈ క్యూబ్‌లు కేవలం మిక్స్‌లను పోల్చుకోవడానికి. పేవర్ బ్లాకుకు భారత ప్రమాణం ఐఎస్ 15658లో దాని పరీక్ష దానికే ఉంది, మందాన్ని బట్టి దిద్దుబాటు కూడా ఉంటుంది.

ఇప్పటిదాకా: రూ. 13,700. క్యూబ్‌లు 0.

దశ 2: బొగ్గు ముద్ద (9 నుంచి 37వ రోజు)

బూడిదను మిల్లు నుంచి తెచ్చింది తెచ్చినట్టే వాడాను. సిమెంట్‌లో 20 శాతం తీసేసి, 12 కేజీల సిమెంట్‌కు 3 కేజీల బూడిద. 3 కేజీలే కదా అనుకున్నాను కానీ ఆ బూడిద లీటరు 350 గ్రాములు కూడా తూగదు, బకెట్‌కు పైనే వచ్చింది. 6.3 లీటర్ల నీళ్లు పోస్తే మిక్సర్‌లో మాలు అటుకుల్లా పొడిపొడిగా దొర్లుతోంది. మేస్త్రి తొంగిచూసి, "ఇది కాంక్రీటా సారూ, బొగ్గులు పోసిండ్రా?" అన్నాడు. పోస్తూ పోస్తూ 8.1 లీటర్లు పోశాక గానీ స్లంప్ 40 మి.మీ. రాలేదు. సిమెంట్, బూడిద కలిపి లెక్కిస్తే నిష్పత్తి 0.54కు పోయింది.

7 రోజులకు 14.2 ఎంపీఏ (మెగాపాస్కల్, బలానికి కొలత), 28 రోజులకు 21.5. ఇది వాకిలికి కాదు, పునాది కింద పీసీసీకి (ఇనుము లేని కాంక్రీట్‌కు) సరిపోయే బలం.

పగిలిన క్యూబ్ ముక్కను ఎండలో పెట్టి భూతద్దంతో చూశాను. లోపలంతా నల్లటి నలుసులు. ఊక గింజ ఆకారం ఇంకా చెడలేదు, పడవలా వంగిన చిన్న పెంకులు. ఒకదాన్ని గోటితో నొక్కితే పుటుక్కుమని చితికింది, వేలికి చెమ్మ తగిలింది. నేను పోసిన నీళ్లలో సగం ఈ పెంకుల కడుపులోకే పోయాయన్నమాట. ఊక బూడిద కణం లోపల తేనెపట్టులా గుల్లగా ఉంటుంది. నూరితే తప్ప ఆ గుల్ల పోదు.

తప్పు అదొక్కటే కాదు.

1. వాడిన బస్తా పీపీసీ, అంటే ముందే బూడిద కలిపిన సిమెంట్. ఇంట్లో ఉందని తీశాను. పీపీసీలో ఫ్లైయాష్ (బొగ్గు కరెంటు కేంద్రాల బూడిద) ముందే 15 నుంచి 35 శాతం దాకా కలిపి ఉంటుంది. దాని మీద నేను ఇంకో 20 శాతం బూడిద వేశాను. ఇలాంటి ప్రయోగానికి ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంట్) 53 గ్రేడే తీసుకోవాలి.
2. ఏమీ కలపని బ్యాచ్ ముందుగా పోయలేదు. 21.5 దేనికన్నా తక్కువో చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.
3. 7 రోజుల పరీక్షలో ఒక క్యూబ్ 9.8 దగ్గరే పగిలింది. ల్యాబ్‌లో తాపీతో సాపు చేసిన గరుకు ముఖాన్నే పైకి పెట్టి నొక్కారు. అచ్చు పలకకు ఆనుకుని నున్నగా వచ్చిన పక్క ముఖాల మీదే బరువు పడాలి. దాన్ని లెక్కలోంచి తీసేశాను. 14.2 మిగతా రెండింటి సగటు. అప్పటి నుంచి ప్రతి క్యూబ్ పక్క ముఖం మీద మార్కర్‌తో బాణం గుర్తు వేసి పంపుతున్నాను, పరీక్షప్పుడు నేనూ పక్కనే నిలబడుతున్నాను.

పీపీసీ బస్తా 370, ఇసుక, చిప్స్ 2,100, బూడిద తెచ్చిన ఆటో 600, ల్యాబ్‌కు రెండు సెట్లు 1,000.

ఇప్పటిదాకా: రూ. 17,770. క్యూబ్‌లు 9. పనికొచ్చిన బ్యాచ్‌లు 0.

దశ 3: ఏ బూడిద, ఎంత మెత్తగా (38 నుంచి 73వ రోజు)

వంద కేజీల వడ్లకు సుమారు 20 కేజీల ఊక, ఆ ఊక కాలితే 4 కేజీల బూడిద. అందులో 85 నుంచి 90 శాతం సిలికా. సిమెంట్ నీళ్లతో కలిసినప్పుడు సున్నం విడుదలవుతుంది. మెత్తటి సిలికా ఆ సున్నాన్ని పట్టుకుని మళ్లీ అంటుకునే పదార్థంగా మారుస్తుంది. మన పాత మేస్త్రులు గానుగ సున్నంలో ఇటుక పొడి కలిపిందీ ఇందుకే, దాన్నే సుర్కీ అనేవారు. కాకపోతే సిలికా అంతా ఒకలాంటిది కాదు. ఊక మరీ ఎక్కువ వేడిలో, సుమారు 700 డిగ్రీలు దాటి చాలాసేపు కాలితే సిలికా స్ఫటికంగా గట్టిపడి, సున్నంతో కలవడం మానేస్తుంది.

మూడు మిల్లుల నుంచి తలా ఒక సంచి తెచ్చాను. 10 గ్రాముల పొడి బూడిదను ఒక కాలేజీ ల్యాబ్‌లోని మఫిల్ ఫర్నేస్‌లో మళ్లీ కాల్చి, ఎంత తగ్గిందో తూచాం. తగ్గినదంతా దాదాపు కాలని బొగ్గే.

- నల్ల బూడిద: 8.83 గ్రాములు మిగిలింది, నష్టం 11.7 శాతం
- బూడిద రంగుది: 9.46 గ్రాములు, 5.4 శాతం
- తెల్లటిది, కొంచెం గులాబీ చాయ: 9.81 గ్రాములు, 1.9 శాతం

ఫ్లైయాష్‌కు ఐఎస్ 3812 పెట్టిన హద్దు 5 శాతం. ఊక బూడిదకు నేను దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. ఆ లెక్కన తెల్లదే గెలవాలి, కళ్లకూ అదే శుభ్రంగా కనిపించింది. కానీ సున్నం పరీక్ష వేరే మాట చెప్పింది. మీరూ చేసుకోవచ్చు, ఖర్చేమీ లేదు.

1. మెత్తగా నూరిన బూడిద రెండు పాళ్లు, తడి సున్నం ఒక పాలు కలిపి ముద్ద చేయండి.
2. టీ కప్పులో అదిమి, పైన తడి గుడ్డ కప్పండి.
3. వారం పాటు గుడ్డ ఆరనివ్వకండి.
4. ఎనిమిదో రోజు కప్పును నీళ్లలో ముంచండి.

బూడిద రంగు ముద్ద కప్పులో బిగిసిపోయింది, మేకు గీస్తే గీత పడింది కానీ మేకు దిగలేదు. తెల్లది నీళ్లు తగలగానే పెరుగులా విడిపోయింది. అది మరీ ఎక్కువ కాలిపోయిన బూడిద. రంగు చూసి తెల్లది కొనుంటే నేను నిండా మునిగేవాణ్ణి. బూడిద రంగుదే ఖాయం చేశాను. బొగ్గు 0.4 శాతం ఎక్కువే, సర్దుకున్నాను.

తర్వాత నూరడం. మొదట పిండి గిర్నీకి పోయాను. రెండు కేజీలు ఆడాక యజమాని రాళ్లు చేత్తో తడిమి చూసి, "మళ్ల రాకు అన్నా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను, సిలికా రాళ్లను తినేస్తుంది.

తర్వాత కాంక్రీట్ మిక్సర్‌లోనే పాత బేరింగు గుండ్లు వేసి తిప్పాను. ఆరు గంటలు తిప్పినా 45 మైక్రాన్ల జల్లెడ మీద తడి జల్లింపులో 58 శాతం మిగిలింది. కారణం వేగం. గుండ్లు డ్రమ్ము గోడను పట్టుకుని పైకెక్కి కింద పడితేనే బూడిద నలుగుతుంది. గుండ్లు గోడకే అతుక్కుపోయే హద్దు వేగాన్ని, 42.3ను డ్రమ్ము వ్యాసం (మీటర్లలో) వర్గమూలంతో భాగించి తెలుసుకోవచ్చు. అందులో 65 నుంచి 75 శాతం వేగంతో తిప్పాలి. మిక్సర్ హద్దు నిమిషానికి 44 చుట్లు, అది తిరిగేది 22. గుండ్లు అడుగునే జారుతూ కాలక్షేపం చేశాయి.

చివరికి ఇలా చేశాం.

1. 200 లీటర్ల ఇనుప డ్రమ్మును 45 సెంటీమీటర్ల పొడవుకు కోసి, మూత వెల్డింగ్ చేసి, పక్కన బోల్టులతో తెరుచుకునే కిటికీ పెట్టించాం. వ్యాసం 57 సెంటీమీటర్లు, హద్దు వేగం 56 చుట్లు.
2. ఒక హెచ్‌పీ మోటారు, గేర్‌బాక్స్, చైనుతో 38 చుట్లకు తెచ్చాం.
3. తుక్కు కొట్టు నుంచి బేరింగు గుండ్లు, కడ్డీ ముక్కలు కలిపి 105 కేజీలు.
4. ఒక్కో విడతకు 10 కేజీల బూడిద, బొత్తిగా పొడిగా ఉన్నదే. చెమ్మ ఉంటే గుండ్లకు రొట్టెలా అంటుకుంటుంది.

మూడో విడతలో డ్రమ్ము రేకుకు చిల్లు పడింది. షెడ్డంతా బూడిద పొగ, ఆ రోజు నేను మాస్క్ కట్టుకోకపోవడం తెలివితక్కువ పని. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. ఎన్-95 మాస్క్ లేకుండా ఈ డ్రమ్ము దగ్గరికి పోవద్దు. మిల్లులో పారేసిన కన్వేయర్ బెల్టును లోపల తొడిగాక మళ్లీ చిల్లు పడలేదు, చప్పుడూ తగ్గింది.

45 మైక్రాన్ల మీద మిగిలింది: 2 గంటలకు 41 శాతం, 4 గంటలకు 24, 6 గంటలకు 15, 8 గంటలకు 13. ఆరు గంటల దగ్గర ఆపాను, ఆపైన కరెంటు దండగ.

డ్రమ్ము 700, మోటారు, గేర్‌బాక్స్ 6,500, ఫ్రేము, చైను, వెల్డింగ్ 3,800, గుండ్లు 5,040, బెల్టు 400, ఫర్నేస్ 600.

ఇప్పటిదాకా: రూ. 34,810. క్యూబ్‌లు 9. నూరిన బూడిద 40 కేజీలు.

దశ 4: నూరాక (74 నుంచి 164వ రోజు)

ఈసారి ఓపీసీ. నీళ్లు ఎట్టి పరిస్థితుల్లోనూ 6.3 లీటర్లు దాటవు, బిగుసుకుంటే సూపర్ ప్లాస్టిసైజరే (నీళ్లు పెంచకుండా మాలును జారుగా చేసే మందు) పోయాలి. నీళ్ల డబ్బా మేస్త్రి చేతికి అందకుండా నా పక్కన పెట్టుకున్నాను.

బ్యాచ్ 2, ఏమీ కలపనిది. స్లంప్ 35 మి.మీ.
బ్యాచ్ 3, సిమెంట్ 13.5, బూడిద 1.5 కేజీలు, అంటే 10 శాతం. 60 గ్రాముల ప్లాస్టిసైజర్‌కు స్లంప్ 5. మరో 60 పోశాక 30.
బ్యాచ్ 4, 15 శాతం. 180 గ్రాములు పట్టింది. మాలు జిగటగా తాపీకి బంకలా అంటుకుంది.

28 రోజుల క్యూబ్‌లు ల్యాబ్‌లో ఒక్కొక్కటీ పగులుతుంటే కాగితం మీద రాసుకున్నాను. బ్యాచ్ 2: 957, 979, 974 కిలోన్యూటన్లు. బ్యాచ్ 3: 1,041, 1,063, 1,060. ఈ అంకెను 22.5తో భాగిస్తే ఎంపీఏ వస్తుంది.

- బ్యాచ్ 2: 7 రోజులకు 32.4, 28కి 43.1, 90కి 46.8
- బ్యాచ్ 3: 31.0, 46.9, 53.6
- బ్యాచ్ 4: 28.6, 45.2, 54.0

బూడిద కలిపినది వారానికి వెనకబడి, నెలకు దాటి, మూడు నెలలకు ఇంకా ముందుకు పోయింది. సున్నంతో బూడిద చర్య నింపాదిగా జరుగుతుంది కాబట్టి 7 రోజుల అంకె చూసి కంగారు పడొద్దు. నెలకు వచ్చిన 3.8 తేడాను ఒక్క బ్యాచ్‌తో నేనూ నమ్మలేదు, 90 రోజులకు 6.8 వచ్చాకే నమ్మాను. 15 శాతంతో వచ్చిన 0.4 కోసం ఆ జిగట భరించక్కర్లేదు. 10 దగ్గరే ఆగాను.

ఒక కల మాత్రం చెదిరింది. నేను ఎం40 (28 రోజులకు 40 ఎంపీఏ ఖాయంగా ఇచ్చే గ్రేడ్) అనుకుంటూ వచ్చాను. సగటు 40 దాటినంత మాత్రాన ఎం40 అయిపోదు. ఐఎస్ 10262 ప్రకారం ఈ గ్రేడ్‌లకు 5 ఎంపీఏ ప్రామాణిక విచలనం (క్యూబ్‌కూ క్యూబ్‌కూ వచ్చే ఎగుడుదిగుడు) పట్టుకుని, దాన్ని 1.65తో హెచ్చించి కలపాలి, అంటే సగటు 48.25 రావాలి. నా 46.9 ఎం35కు చాలుతుంది (కావలసింది 43.25), ఎం40కి చాలదు. వాకిట్లోకి వచ్చేది కారే కాబట్టి, తేలికపాటి రాకపోకలకు చెప్పిన ఎం35తో సరిపెట్టుకున్నాను.

సిమెంట్ రెండు బస్తాలు 820, ప్లాస్టిసైజర్ 900, ల్యాబ్ 4,500.

ఇప్పటిదాకా: రూ. 41,030. క్యూబ్‌లు 36.

దశ 5: పాత స్లాబ్ కంకర (82 నుంచి 202వ రోజు)

ముందరి దశ క్యూబ్‌లు తొట్టిలో నానుతుండగానే ఇది మొదలుపెట్టాను. ఇద్దరు కూలీలు సుత్తులతో స్లాబ్ ముక్కలు కొట్టారు, ప్లాస్టరు, ఇటుక, పెయింటు పొరలు ఏరారు, 10 మి.మీ. జల్లెడలో దిగి 4.75 మీద నిలిచినవి తీసుకున్నాం. మామూలు కాంక్రీట్‌లో ఇలాంటి కంకర 25 శాతం దాకా వాడొచ్చని ఐఎస్ 383:2016 ఒప్పుకుంది. ఇనుము వేసిన కాంక్రీట్‌కైతే 20 శాతమే, అదీ ఎం25 దాకానే.

నానబెట్టి, పైచెమ్మ తుడిచి కిలో తూచి, ఓవెన్‌లో ఆరబెట్టాను. గ్రానైట్ చిప్స్ 994 గ్రాములు ఉన్నాయి. పాత కంకర 942. అంటే 6.2 శాతం నీళ్లు తాగింది. రాయికి అతుక్కున్న పాత మోర్టారు పనే ఇది.

తెలిసి కూడా బ్యాచ్ 5లో (బ్యాచ్ 3 మిక్సే, చిప్స్‌లో పావు వంతుకు బదులుగా) 9 కేజీల పాత కంకర పొడిగానే వేశాను, తాగే నీటిని లెక్కగట్టి పోస్తే సరిపోతుందిలే అని. తీరా లెక్కగట్టడం మరిచాను. పావుగంటలో స్లంప్ 30 నుంచి సున్నా. నేను ఫోన్ మాట్లాడుతున్నప్పుడు మేస్త్రి ఒక చెంబు పోశాడు, చెంబెడంటే 800 మిల్లీలీటర్లు. "కదుల్తలేదు సారూ, ఏం జెయ్యాలె మరి?" 28 రోజులకు 38.8. ఇది కంకర తప్పో చెంబు తప్పో తేల్చలేను. 90 రోజుల పరీక్ష మానేశాను.

బ్యాచ్ 6, 112వ రోజు. కంకర కడిగి, రాత్రంతా నానబెట్టి, పొద్దున గోనె సంచి మీద పరిచి మెరుపు పోయేదాకా ఆరనిచ్చాను. ఫోన్ ఇంట్లో పెట్టాను. 7 రోజులకు 29.4, 28కి 42.7, 90కి 48.9. ఎం35కు అర ఎంపీఏ తక్కువ, ఎం30కి హాయిగా చాలు.

ఒక్కో మిక్స్‌తో మూడేసి పేవర్లు పోసి నీటి పీల్పు చూశాను. హద్దు సగటున 6 శాతం. ఏమీ కలపనిది 4.9, బూడిద 10 శాతం 3.7, బూడిదతో పాటు పాత కంకర 5.2. నాకు బలం కంటే ఈ 3.7 ఎక్కువ నచ్చింది. వానాకాలం పాచి పట్టేది నీళ్లు తాగే బిళ్లకే.

కూలి 1,600, ల్యాబ్ 2,500.

ఇప్పటిదాకా: రూ. 45,130. క్యూబ్‌లు 54.

దశ 6: పేవర్లు (145వ రోజు నుంచి)

కారు ఎక్కే 18 చదరపు మీటర్లకు బ్యాచ్ 3 మిక్స్, నడిచే 27 చదరపు మీటర్లకు బ్యాచ్ 6. బ్యాచ్ 6 మూడు నెలల అంకె రాకముందే మొదలుపెట్టాను, నడక దారే కదా అని. మొత్తం 2,250 బిళ్లలు, అచ్చులు వంద. రెండు ఇబ్బందులు వచ్చాయి.

మొదటిది, పైముఖం మీద వెంట్రుకవాసి పగుళ్లు. బూడిద కలిపిన మాలు పైకి నీరు వదలదు, ఎండకు పైపొర ఇట్టే ఆరిపోతుంది. అచ్చు నింపిన పదినిమిషాల్లో ప్లాస్టిక్ షీటు, రెండు గంటలకు తడి గోనె సంచులు. పగుళ్లు ఆగాయి.

రెండోది, 24 గంటలకు అచ్చు విప్పితే వందలో 11 బిళ్లల అంచులు రాలాయి. 36 గంటలకు మార్చాక రెండు మూడుకు మించలేదు. రోజు విడిచి రోజు పోయాల్సి వచ్చింది. ఇరవై ఎనిమిది రోజులు గోనె సంచులు ఆరనివ్వలేదు. బూడిద కలిపినప్పుడు నీళ్లు పెట్టడంలో కక్కుర్తి పడితే, పైన రాసిన 90 రోజుల అంకెలు మీకు రావు.

మొత్తం పట్టిన బూడిద 115 కేజీలు, డ్రమ్ము 12 విడతలు, 72 గంటలు, సుమారు 54 యూనిట్ల కరెంటు. మిగిలిన సిమెంట్ రెండు బస్తాల చిల్లర, బస్తా రూ. 410 లెక్కన దాదాపు రూ. 940. దాని కోసం నేను డ్రమ్ముకు పెట్టింది రూ. 16,440. డబ్బు మిగులుతుందని ఎవరైనా ఇది మొదలుపెడితే ఇక్కడే ఆగిపోండి. పాత కంకర మాత్రం 400 కేజీల పైన వాడకంలోకి వచ్చింది, ప్రహరీ వారన గుట్ట సగానికి తగ్గింది.

బిళ్లలు మామూలు వాటికన్నా బాగా నల్లగా వచ్చాయి. నాకది లోపంలా అనిపించింది. అమ్మ మాత్రం మొదటి వరస పరిచిన మర్నాడే ముగ్గేసి, "ఇప్పుడు గదా ముగ్గు కొట్టొచ్చినట్టు కనబడ్తుంది" అంది.

నడిచే దారి మాలుతో పోసిన మూడు క్యూబ్‌లు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి, 180 రోజుల పరీక్షకు. బాణం గుర్తు నీళ్లలో చెరిగిపోతోందని ఈసారి మేకుతో గీశాను.